ముడి తీయాలి, పోగు తెగొద్దు

సిరిసిల్లలో బీవై నగర్ సందుల్లోకి మళ్లితే మనుషుల కన్నా ముందు సాంచాల చప్పుడు ఎదురొస్తుంది. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. ఒక్క రేకుల షెడ్డులో ఎనిమిదో పదో సాంచాలు నడిస్తే మోత 90 డెసిబెల్లను సులువుగా దాటుతుంది. ఆ మోతలో పక్క సాంచా మీదున్న మనిషికి ‘పోగు తెగింది, చూడు’ అని చెప్పాలంటే మామూలు గొంతు చాలదు. ఒర్రాలి. పన్నెండు గంటల షిఫ్టులో ఎన్నిసార్లు ఒర్రాడో ఏ కార్మికుడూ లెక్కపెట్టుకోడు. ఒకనాడు పొద్దున లేచేసరికి గొంతు బొంగురుపోయి ఉంటుంది. జలుబు అనుకుంటాడు. నెల గడుస్తుంది, జలుబు జాడ ఉండదు, గొంతు మాత్రం రాదు.

చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లొంబార్డ్ 1911లో ఈ సంగతి వివరించాడు. అందుకే దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. సాంచాల షెడ్డులో అది షిఫ్టు మొదలు చివరిదాకా పనిచేస్తూనే ఉంటుంది.

కోరుట్లలో మరో గొంతు. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పే టీచరు. గదిలో యాభై మంది పిల్లలు, నెత్తి మీద తిరిగే ఫ్యాన్లు, కిటికీ అవతల 63వ నంబరు జాతీయ రహదారి మీద లారీల హారన్లు. నాలుగో పీరియడుకు గొంతు సగమవుతుంది. సాయంత్రానికి గాలే మిగులుతుంది. ఆదివారం కాస్త తేరుకుంటుంది, సోమవారం మళ్లీ మొదటికొస్తుంది.

మూడో గొంతు జగిత్యాల పక్క పల్లెలో ఒగ్గుకథ చెప్పే పెద్దాయనది. ఒగ్గు అంటే శివుడి డమరుకం. దాన్ని వాయిస్తూ మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ రాత్రి పొద్దుపోయేదాకా, ఒక్కోసారి తెల్లవారేదాకా చెప్పాలి. పాడాలి, ఏడవాలి, దేవుడై గద్దించాలి. ఈ నేలలో గొంతుకున్న విలువ ఎంతటిదో చెప్పడానికి వేములవాడ దగ్గరి హనుమాజీపేట చాలు. ఒగ్గుకథను దేశం దాటించిన మిద్దె రాములు, గజళ్లను తన గొంతుతోనే తెలుగు సభలకు వినిపించిన సి.నారాయణరెడ్డి ఇద్దరిదీ ఆ ఊరే. మన పెద్దాయనకు రెండేళ్లుగా పై స్వరం అందడం లేదు. రాగం ఎత్తితే మధ్యలో రెండుగా చీలుతోంది.

ఈ ముగ్గురూ ఈ అధ్యాయం కోసం నేను అల్లుకున్న మనుషులు. వాళ్ల జబ్బులు మాత్రం ఏ ఊళ్లోనైనా కనిపించేవే. ముగ్గురికీ గొంతులో క్యాన్సర్ కాని చిన్న పెరుగుదల ఉంది. ముగ్గురూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఆపరేషన్ కత్తితో మంచిదా, లేజర్‌తో మంచిదా? దానికి జవాబు చెప్పాలంటే ముందు అక్కడ ఏముందో చూడాలి.

అర మిల్లీమీటరు మెత్తదనం

కంఠమణి వెనుక, శ్వాసనాళం మొదట్లో స్వరపేటిక ఉంటుంది. అందులో ముందు కలుసుకుని వెనుక విడిపోయే రెండు మడతలే స్వరతంత్రులు. తంత్రులు అన్న మాట వీణ తీగలను గుర్తుకు తెస్తుంది కానీ ఇవి తీగల్లా ఉండవు. గాలి పీల్చినప్పుడు తెరుచుకుని, మాట్లాడేటప్పుడు దగ్గరకు చేరే రెండు మెత్తటి అంచులు. మగవాళ్లలో పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు, ఆడవాళ్లలో ఇంకా తక్కువ. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి వాటి మధ్య నుంచి దూసుకొస్తే అంచులు కలుస్తూ విడిపోతూ కంపిస్తాయి. మగవాళ్లు మాట్లాడేటప్పుడు సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లు మాట్లాడేటప్పుడు 200 సార్లకు పైగా.

ఈ అంచు ఒకే ముద్ద కాదని, పొరలు పొరలుగా ఉంటుందని 1970లలో జపాన్‌కు చెందిన మినోరు హిరానో చూపించాడు. పైన పల్చటి చర్మం లాంటి పొర. దాని కింద జెల్లీ లాంటి మెత్తటి పొర. ఆ కింద సాగే గుణమున్న పొర, గట్టి నారల పొర, అట్టడుగున కండరం. రెండో పొరను జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ రైంకె 1895లో వర్ణించాడు కాబట్టి దాన్ని రైంకె పొర అంటారు. దాని మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. మనిషి గొంతులోని తీపి అంతా ఆ మెత్తదనంలోనే ఉంది. కింద కండరం బిగుసుకుని నిలబడితే, పై చర్మం ఈ జెల్లీ మీద నీటి అలలా జారుతుంది. ఆ అల సాఫీగా సాగినంతకాలం గొంతు స్పష్టంగా ఉంటుంది.

రైంకె పొర దెబ్బతింటే దాని స్థానంలో మచ్చ కణజాలం వస్తుంది. మచ్చ గట్టిది. అది అలను అడ్డుకుంటుంది. పోయిన జెల్లీని అచ్చం అలాగే తిరిగి నింపే పద్ధతి వైద్యశాస్త్రానికి ఇంకా చేతికి రాలేదు. స్వరతంత్రుల ఆపరేషన్లన్నిటినీ కొలవాల్సిన కొలబద్ద ఇక్కడే ఉంది.

మూడు ఊళ్లు, మూడు జబ్బులు

కోరుట్ల టీచరు గొంతులో ఉన్నవి నాడ్యూల్స్. రెండు స్వరతంత్రుల మీదా ఒకదానికొకటి ఎదురుగా, ముందు నుంచి మూడో వంతు దగ్గర వస్తాయి. కంపించేటప్పుడు ఎక్కువ దెబ్బ తగిలే చోటు అదే. ఒక చిన్న లెక్క వేద్దాం. రోజుకు ఐదు గంటలు పాఠం చెప్పి, అందులో నాలుగో వంతు సమయం గొంతు నిజంగా మోగిందనుకుంటే 75 నిమిషాలు, అంటే 4,500 సెకన్లు. సెకనుకు 220 కంపనాల చొప్పున 9,90,000. రోజుకు దాదాపు పది లక్షల సార్లు ఆ రెండు అంచులూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి. చేతిపనివాళ్ల అరచేతిలో కాయలు కాసినట్టే ఇక్కడా గట్టిపడుతుంది. అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో జరిపి 2004లో ప్రచురించిన పరిశోధనలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందన్నవాళ్లు టీచర్లలో 57.7 శాతం, ఇతరుల్లో 28.8 శాతం.

సిరిసిల్ల కార్మికుడిది పాలిప్. ఇది సాధారణంగా ఒక వైపే వస్తుంది. గట్టిగా ఒర్రినప్పుడు లోపల ఒక సన్నటి రక్తనాళం చిట్లి, రక్తం చేరి, అది ఎర్రటి బుడిపెలా నిలిచిపోతుంది. జగిత్యాల పెద్దాయనది సిస్ట్, అంటే నీటితిత్తి. చర్మం కింద, సరిగ్గా రైంకె పొరలోనే చిన్న ముత్యంలా దాక్కుని ఉంటుంది. వీటికి తోడు సిగరెట్టు, బీడీ తాగేవాళ్లలో రైంకె పొర మొత్తం నీరు పట్టి ఉబ్బడం ఒకటి, హెచ్‌పీవీ వైరస్‌లోని 6, 11 రకాల వల్ల పిల్లల్లోనూ పెద్దల్లోనూ పులిపిరుల్లా మొలిచే పాపిల్లోమా ఇంకొకటి.

ఏది ఏదో తెలియాలంటే గొంతులోకి చూడాలి. సాధారణ వెలుతురులో సెకనుకు వందల కంపనాలు కంటికి అందవు. గొంతు కంపనంతో దాదాపు సమానమైన వేగంతో మినుకుమినుకుమనే దీపం వేస్తే కదలిక నెమ్మదిగా సాగుతున్నట్టు కనిపిస్తుంది. ఇదే స్ట్రోబోస్కోపీ. అల ఎక్కడ ఆగిపోతోందో తెలిస్తే సిస్ట్ ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది.

అద్దం ముక్క నుంచి సూక్ష్మదర్శిని దాకా

బతికున్న మనిషి స్వరతంత్రులు కంపించడాన్ని శ్రద్ధగా గమనించి లోకానికి చెప్పినవాడు డాక్టరు కాదు, సంగీతం మాస్టారు. మాన్యుయెల్ గార్సియా 1854లో పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దాన్ని నోట్లో పెట్టుకుని, చేతి అద్దంతో సూర్యకాంతిని దాని మీదకు మళ్లించి తన గొంతు తనే చూసుకున్నాడు. మరుసటి ఏడాది ఆ పరిశీలనలు లండన్ రాయల్ సొసైటీ ముందుకొచ్చాయి. అంతకు ముందు స్వరపేటికలో ఏదైనా తీయాలంటే సాధారణంగా మెడను బయటి నుంచి కోసి తెరవాల్సి వచ్చేది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో గుస్తావ్ కిలియన్ నోటి గుండా దించిన గొట్టాన్ని ఒక ఊతకు వేలాడదీసి, డాక్టరు రెండు చేతులూ ఖాళీ అయ్యేలా చేశాడు. 1960లలో ఆస్కార్ క్లైన్‌సాసర్ దానికి సూక్ష్మదర్శినిని జోడించాడు. కటకం నాభ్యంతరం 400 మిల్లీమీటర్లు ఉంటే గొంతుకూ సూక్ష్మదర్శినికీ మధ్య పొడవాటి పనిముట్లు ఆడడానికి చోటు దొరుకుతుంది. ఈ ఒక్క కొలతతో స్వరతంత్రుల మైక్రో సర్జరీ పుట్టింది. ఇప్పటికీ దాని రూపం అదే.

సిరిసిల్ల కార్మికుడి భయం ఈ దశలోనే బయటపడుతుంది.

“ఆపరేషన్ అంటే గొంతు కోస్తరా సారూ?”

“బయట గీత కూడా పడదన్నా. నోట్ల నుంచే చేస్తం. పొద్దుగాల వస్తే పొద్దుమీకి ఇంటికి పోవచ్చు.”

ఇది చాలామంది విషయంలో నిజం. పూర్తి మత్తు ఇచ్చి, శ్వాస కోసం సన్నటి గొట్టం వేసి, పళ్లకు రక్షణ పెట్టి, ఇనుప గొట్టాన్ని నోటి గుండా స్వరతంత్రుల పైదాకా దించుతారు. పనిముట్ల పొడవు ఇరవై సెంటీమీటర్లు దాటుతుంది, కొన మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు. డాక్టరు మోచేతులు ఆనించుకుని, తన ఊపిరిని కూడా అదుపులో పెట్టుకుని పనిచేస్తాడు.

కత్తి దారి

లేజర్ లేకుండా చిన్న కత్తి, కత్తెర, పట్టుకారులతో చేసే పద్ధతిని డాక్టర్లు ‘కోల్డ్’ పద్ధతి అంటారు, వేడి పుట్టదు కాబట్టి. జగిత్యాల పెద్దాయన సిస్ట్‌ను ఇలా తీస్తారు.

మొదట అడ్రినలిన్‌లో తడిపిన చిన్న దూది ముక్కను స్వరతంత్రి మీద ఉంచుతారు. రక్తనాళాలు కుంచించుకుని అంచు పాలిపోతుంది. తర్వాత సన్నటి సూదితో చర్మం కింద కాస్త సెలైన్ ఎక్కిస్తారు. చర్మం పైకి తేలి, కింది కణజాలం నుంచి విడివడుతుంది. కంపించే అంచును ముట్టుకోకుండా, సిస్ట్‌కు ఆనుకుని పై తలం మీద రెండు మూడు మిల్లీమీటర్ల గీత గీస్తారు. పదును లేని చిన్న పనిముట్టుతో చర్మాన్ని తలుపు రెక్కలా ఎత్తుతారు. లోపల తెల్లటి ముత్యం కనిపిస్తుంది. దాని గోడ చిట్లకుండా చుట్టూ జెల్లీ నుంచి మెల్లగా విడదీయాలి. గోడ ముక్క మిగిలితే సిస్ట్ మళ్లీ రావచ్చు, తొందరపడి లాగితే రైంకె పొర దానితో పాటే ఊడొస్తుంది. ముత్యం బయటికొచ్చాక చర్మపు రెక్కను తిరిగి పరుస్తారు. కుట్లు సాధారణంగా అక్కర్లేదు. దీని పేరు మైక్రోఫ్లాప్. 1980ల నుంచి అమెరికాలో రాబర్ట్ సాటలాఫ్ వంటి సర్జన్లు దీనికి మెరుగులు దిద్దారు.

బట్టలో ముడి పడితే సిరిసిల్ల నేతగాడు ముడి ఉన్నచోట గుడ్డను కత్తిరించి పారేయడు. సూది మొనతో ముడిని పైకి లేపి, దాన్నొక్కదాన్నే విప్పి, పడుగు పోగులను మళ్లీ సర్దుతాడు. మైక్రోఫ్లాప్‌లో ఉన్న జాగ్రత్త సరిగ్గా అదే. ఒకప్పుడు స్వరతంత్రి మీది పొరను మొత్తంగా ఒలిచేసే పద్ధతి ఉండేది. గడ్డ పోయేది, దానితో పాటు మెత్తదనమూ పోయేది. గొంతు నెలల తరబడి, కొందరికి శాశ్వతంగా గరుగ్గా మిగిలేది. మామూలు నాడ్యూల్స్‌కూ పాలిప్‌లకూ ఇప్పుడు అలా ఒలవడం తప్పని గట్టిగా చెబుతున్నారు.

వెలుగు దారి

కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనిపెట్టినవాడు మన దేశస్థుడు, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన సి.కుమార్ పటేల్. ఎనిమిదేళ్లకు, 1972లో, బోస్టన్ సర్జన్లు స్ట్రాంగ్, జాకో దాన్ని స్వరపేటిక మీద వాడిన అనుభవాన్ని ప్రచురించారు. ఈ వెలుగు తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. కంటికి కనబడదు. నీళ్లున్న కణజాలం దీన్ని వెంటనే పీల్చుకుని ఆవిరవుతుంది. సన్నటి రక్తనాళాలు అప్పటికప్పుడే మూసుకుపోతాయి కాబట్టి రక్తస్రావం తక్కువ. సూక్ష్మదర్శినికి తగిలించుకుంటే చెయ్యి అడ్డం రాకుండా గురి చూడవచ్చు.

దీని చిక్కు వేడి. తొలినాళ్ల యంత్రాల్లో వెలుగు చుక్క వెడల్పుగా ఉండి, చుట్టూ ఉన్న రైంకె పొరను కూడా కాల్చేది. ఇప్పుడు చుక్క మిల్లీమీటరులో పావు వంతుకు తగ్గింది, వెలుగు ఎడతెగకుండా కాక చిన్న చిన్న విరామాలతో వస్తుంది. వేడి చుట్టూ పాకడం బాగా తగ్గింది. ఇంకో ప్రమాదం మంట. శ్వాసగొట్టంలో ఆక్సిజన్ ఉంటుంది, దాని మీద లేజర్ పడితే గొంతులోనే నిప్పు అంటుకోవచ్చు. అందుకే ప్రత్యేకమైన గొట్టం వాడతారు, దాని బెలూన్‌లో గాలికి బదులు నీలిరంగు కలిపిన సెలైన్ నింపుతారు, చుట్టూ తడి దూది పెడతారు, ఆక్సిజన్‌ను 30 శాతానికి మించనివ్వరు. బెలూన్ చిట్లితే నీలిరంగు కనబడి డాక్టరు వెంటనే ఆపేస్తాడు.

రెండో రకం కేటీపీ లేజర్. ఆకుపచ్చ వెలుగు, 532 నానోమీటర్లు. రక్తంలోని హిమోగ్లోబిన్ దీన్ని ఇష్టంగా పీల్చుకుంటుంది. అందువల్ల పై చర్మాన్ని పెద్దగా కాల్చకుండా కిందనున్న రక్తనాళాన్ని ఎండగొట్టగలదు. రక్తం నిండిన పాలిప్‌లకూ పాపిల్లోమాకూ ఇది బాగా కుదురుతుంది. పైగా వెంట్రుక లాంటి ఫైబర్ గుండా ప్రయాణిస్తుంది. మత్తు ఇవ్వకుండా, ముక్కులోంచి వంగే గొట్టం దించి, మనిషి కుర్చీలో కూర్చునుండగానే చికిత్స చేయొచ్చు. గుండె జబ్బు వల్ల పూర్తి మత్తు ప్రమాదమైనవాళ్లకూ, మెడ వెనక్కి వంగనివాళ్లకూ ఇది మంచి దారి. లోటు ఏమిటంటే, మెలకువలో ఉన్న మనిషి మింగుతాడు, దగ్గుతాడు. లోపల దాగిన సిస్ట్‌ను విడదీసేంత నిశ్చలత అక్కడ దొరకదు.

వీటి పక్కన మైక్రోడీబ్రైడర్ అనే తిరిగే బ్లేడు ఉంది. పాపిల్లోమా గుత్తులుగా పెరిగి ఊపిరి ఆడనప్పుడు దాన్ని త్వరగా గొరిగి తీస్తుంది, వేడి ఉండదు. పాపిల్లోమా మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు. ఒక బిడ్డకు ఎన్నో ఆపరేషన్లు అవసరం కావచ్చు కాబట్టి ప్రతిసారీ కింది పొరలను కాపాడుకోవడం ఇంకా ముఖ్యం.

తూచి చూస్తే

ఏది మేలు? అమెరికా సర్జన్ మైఖేల్ బెనింజర్ 2000లో ఒక పరీక్ష ప్రచురించాడు. చిన్నపాటి పెరుగుదలలున్న రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కోల్డ్ పద్ధతిలో, మరో గుంపుకు చిన్న చుక్క లేజర్‌తో ఆపరేషన్ చేశారు. గొంతు ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వేర్వేరు దారులు ఒకే చోటికి చేర్చాయి, ఎందుకంటే రెండు గుంపుల్లోనూ సర్జన్ కాపాడింది ఒకే పొరను.

తేడాలు వేరే చోట ఉన్నాయి. కత్తితో తీసిన ముక్క చెక్కుచెదరకుండా ల్యాబుకు వెళ్తుంది. లేజర్‌తో ఆవిరైపోయినది పరీక్షకు దొరకదు, అందుకే ముందుగా ఒక ముక్క తీసి ఉంచాలి. రక్తం ఎక్కువగా వచ్చే పెరుగుదలకు లేజర్ అనుకూలం. సిస్ట్‌కు, సన్నటి అంచు పనికి కత్తి అనుకూలం. ఖర్చులోనూ తేడా ఉంది. లేజర్ యంత్రం, దాని గొట్టాలు, శిక్షణ పొందిన సిబ్బంది కలిస్తే పెద్ద పెట్టుబడి. కోల్డ్ పనిముట్ల పెట్టె దానిలో చిన్న భాగం.

ఇది మన ఊళ్లకు శుభవార్త. జగిత్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో, సిరిసిల్లలో 2023లో మొదలయ్యాయి. అంతకు ముందు ఇలాంటి పనికి కరీంనగర్‌కో, హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రికో బస్సెక్కాల్సిందే. చెవి ఆపరేషన్లు చేసే ప్రతిచోటా సూక్ష్మదర్శిని ఉంటుంది. చాలా యంత్రాలకు చెవి కోసం వాడే కటకం తీసి 400 మిల్లీమీటర్ల కటకం బిగిస్తే అదే గొంతు సూక్ష్మదర్శిని అవుతుంది. లేజర్ లేనంత మాత్రాన జిల్లా ఆస్పత్రిలో మంచి గొంతు ఆపరేషన్ ఆగిపోనక్కర్లేదు. అక్కడికి ముందు చేరాల్సింది శిక్షణ పొందిన చెయ్యి, దానితో పాటు ఒక స్పీచ్ థెరపిస్టు.

స్పీచ్ థెరపిస్టు ఎందుకంటే, కోరుట్ల టీచరుకు ఆపరేషనే అక్కర్లేదు. నాడ్యూల్స్‌కు తొలి చికిత్స గొంతు వాడే తీరు మార్చడమే. మెడ బిగించకుండా పొట్ట నుంచి గాలి తీయడం, నీళ్లు తాగడం, తరగతిలో నడుముకు కట్టుకునే చిన్న మైకు వాడడం. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో చాలామందికి కాయలు కరిగిపోతాయి. తీరు మారకుండా కోయించుకుంటే మళ్లీ వస్తాయి, పైగా మచ్చ అదనం. హాలీవుడ్ గాయని, నటి జూలీ ఆండ్రూస్‌కు 1997లో స్వరతంత్రుల ఆపరేషన్ తర్వాత పాడే గొంతు తిరిగి రాలేదు. ఎంత గొప్ప గొంతుకైనా మార్పిడి పొర దొరకదని ఆ సంఘటన ప్రపంచానికి చెప్పింది.

కాబట్టి ఆపరేషన్ అనగానే లేజర్ ఉందా అని అడిగే ముందు మూడు సంగతులు అడగండి. నాది ఏ రకం పెరుగుదల? ఆపరేషన్ లేకుండా తగ్గే అవకాశం ఉందా? తీసిన ముక్కను పరీక్షకు పంపుతారా? బీడీ, సిగరెట్టు అలవాటున్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. గొంతు బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే మందుల షాపు గోలీలు ఆపి ఈఎన్‌టీ డాక్టరుతో గొంతులోకి చూపించుకోవాలి. క్యాన్సర్ కూడా మొదట బొంగురుగానే పలకరిస్తుంది, తొలిదశలో దొరికితే చాలా వరకు నయమవుతుంది.

నాలుగో రోజు

ఆపరేషన్ తర్వాత గొంతుకు విశ్రాంతి కావాలి. ఎన్నాళ్లు? జపాన్ పరిశోధకులు 2017లో ప్రచురించిన పరీక్షలో మూడు రోజుల మౌనాన్నీ ఏడు రోజుల మౌనాన్నీ పోల్చారు. మూడు రోజులు మౌనంగా ఉండి, ఆ తర్వాత థెరపిస్టు సాయంతో మెల్లగా గొంతు వాడినవాళ్ల స్వరమే మెరుగ్గా తేలింది. మానుతున్న పొరకు మితమైన కదలిక మేలు చేస్తుందని దీన్నిబట్టి తోస్తుంది. ఎన్నాళ్లు పాటించాలో మీ డాక్టరు చెప్పినదే మీకు లెక్క. ఆ రోజుల్లో గుసగుసలు కూడా వద్దు. చాలామంది గుసగుసలాడేటప్పుడు స్వరపేటికను మరింత బిగిస్తారు.

జగిత్యాల పెద్దాయన మూడు రోజులు పలక మీద రాసి చూపిస్తాడు. మనుమరాలు చదివి ఇంట్లో వాళ్లకు చెబుతుంది. నాలుగో రోజు థెరపిస్టు ఎదురుగా కూర్చుని పెదాలు మూసి, ముక్కుతో సన్నగా ‘మ్మ్...’ అనమంటుంది. పాట కాదు, మాట కూడా కాదు. అన్నప్పుడు ముక్కు దూలం దగ్గర వేలు పెట్టి చూసుకోమంటుంది. అక్కడ సన్నటి జలదరింపు తెలుస్తుంది. రైంకె పొర మీద అల మళ్లీ కదిలిందన్నమాట. ఒగ్గు అందుకోవడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. ఆలోగా ఆయన రోజుకు నాలుగైదు సార్లు, ఐదేసి నిమిషాలు, ఆ ఒక్క ధ్వనినే సాధన చేస్తాడు.